నరం చిట్లిన తర్వాత



ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లోకి పొద్దున్న ఆరింటికల్లా వెళ్లి చూడండి. తార్నాక వైపు నుంచీ, అడిక్‌మెట్ వైపు నుంచీ, సీతాఫల్‌మండి వైపు నుంచీ జనం నడకకు వస్తుంటారు. రిటైరైన ప్రొఫెసర్లు, రైల్వే ఉద్యోగులు, ఆర్టీసీ డ్రైవర్లు, పోటీ పరీక్షల పుస్తకం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చదివే కుర్రాళ్లు. దారి పక్కన చెట్టు కింద ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బీపీ మిషను పెట్టుకుని ఓ అబ్బాయి కూర్చుంటాడు. నడిచి నడిచి చెమటతో వచ్చిన పెద్దాయన కుర్చీలో కూలబడతాడు. చొక్కా చెయ్యి పైకి మడవకుండా దానిమీదే పట్టీ చుట్టేస్తారు. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది. పట్టీలోకి గాలి ఎక్కుతున్నంతసేపూ ఆయన పక్కనున్నాయనతో డీఏ బకాయిల గురించి మాట్లాడుతూనే ఉంటాడు. మిషను 176 బై 102 అని చూపిస్తుంది. "సార్, బీపీ మస్తుగుంది" అంటాడు అబ్బాయి. "నాకేం లేదు బేటా, ఇప్పుడే నాలుగు రౌండ్లు కొట్టొచ్చిన" అంటాడు పెద్దాయన.

ఆ అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఆనించాలి. పట్టీ ఒంటికి తగలాలి. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లాల్సి ఉంటే ముందే వెళ్లి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడకూడదు. మాట్లాడుతూ ఉంటేనే పై అంకె పది దాకా పెరగవచ్చు, చెయ్యి వేలాడితే మరికొంత. కాబట్టి ఆయన అసలు బీపీ 176 కాకపోవచ్చు, 158 అయినా కావచ్చు. సరిగ్గా మళ్లీ చూపించుకుంటే తేలిపోతుంది. నాకు భయమేసేది ఆ అంకెను చూసి కాదు, "నాకేం లేదు" అన్న మాట విని. రక్తపోటు వల్ల తలలో నరం చిట్లినవాళ్లలో చాలామంది అంతకు ముందురోజు దాకా చెప్పింది ఆ మాటే.

పక్షవాతం రెండు దారుల్లో వస్తుంది. మెదడుకు వెళ్లే రక్తనాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోవడం ఒకటి. రక్తనాళం పగిలి మెదడు కండలోకే నెత్తురు కారడం రెండోది. మొదటిదే ఎక్కువ. కానీ రెండోదాని వాటా పాశ్చాత్య దేశాల్లోకంటే మన దేశంలో ఎక్కువ, ప్రాణాలు తీయడంలోనూ అదే ముందు. మెదడులో రక్తస్రావం జరిగిన వందమందిలో సుమారు 40 మంది నెల తిరక్కుండానే చనిపోతారు. వాళ్లలో దాదాపు సగం మంది మొదటి రెండు రోజుల్లోనే. ఈ లెక్క చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మిగతా 60 మంది సంగతేమిటి, ఆ 60ని 65 చెయ్యడం ఎలా అన్నదే ఇవాళ మాట్లాడదామనుకున్నాను. దానికి జవాబు చాలావరకు ఆ బీపీ మిషను చూపించే పై అంకెలోనే ఉంది.

నరం ఎక్కడ పడితే అక్కడ పగలదు. మెదడు లోతుల్లో, చేతినీ కాలినీ కదిలించే తంతువులు కట్టలుగా దిగివచ్చే చోట, వెంట్రుకకంటే కాస్త లావుండే సన్నటి ధమనులు ఉంటాయి. అవి పెద్ద ధమని నుంచి కొమ్మలు రెమ్మలుగా చీలుతూ వచ్చినవి కావు, దాన్నుంచి నిట్టనిలువుగా, నేరుగా పుట్టినవి. మంజీరా నీళ్ల మెయిన్ పైపుకు బెజ్జం వేసి ఇంటికి తీసుకున్న సన్న కనెక్షన్ ఎలా ఉంటుందో అలాగన్నమాట. మెయిన్‌లో ప్రెజర్ ఎంత ఉంటే అంతా దానిమీదే పడుతుంది. ఏళ్ల తరబడి పోటు ఎక్కువైతే ఆ ధమనుల గోడలు గట్టిపడి, పెళుసెక్కి, అక్కడక్కడ చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. 1868లోనే పారిస్‌లో షార్కో, బుషార్ అనే ఇద్దరు వైద్యులు చనిపోయినవాళ్ల మెదళ్లు కోసి ఆ బుడిపెలను చూపించారు. అప్పటికి బీపీ కొలిచే పట్టీ ఇంకా పుట్టనేలేదు.

పోటు ఎక్కువైతే ఏమవుతుందో లోకమంతటికీ తెలిసిన ఒక మనిషి శరీరం చూపించింది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే యువ హృద్రోగ వైద్యుడు పరీక్షించినప్పుడు బీపీ 186 బై 108 ఉంది. ఆ తర్వాత ఏడాదంతా పెరుగుతూనే పోయింది. ప్రపంచ యుద్ధాన్ని నడిపిస్తున్న మనిషి, చుట్టూ ఎందరో వైద్యులు. అయినా ఉప్పు తగ్గించమనడం, విశ్రాంతి తీసుకోమనడం, గుండెకు డిజిటాలిస్ ఇవ్వడం తప్ప వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. బీపీని నమ్మకంగా తగ్గించే గోలీ అప్పటికి లోకంలో లేదు. 1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో, చిత్రకారిణి ఒకామె బొమ్మ గీస్తుండగా, తల వెనక భాగంలో భరించరాని నొప్పి అని చెప్పి ఒరిగిపోయాడు. అప్పుడు కొలిస్తే 300 దాటిన పై అంకె, 190 కింది అంకె. రెండు మూడు గంటల్లో ప్రాణం పోయింది. 63 ఏళ్లు.

తర్వాత నాలుగేళ్లకే దారి ఒకటి మన దేశం నుంచే తెరుచుకుంది. ఈ సంగతి మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు, నాకు మాత్రం చెప్పకుండా ఉండబుద్ధి కాదు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరును రక్తపోటు రోగులకు ఇచ్చి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు. ఆ వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. రక్తపోటుకు మందు వాడితే నిజంగా లాభమేనా అన్న ప్రశ్నకు అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ బృందం 1967లో జవాబు చెప్పింది. వాళ్లు వాడిన మూడు మందుల్లో ఒకటి ఆ రిసర్పినే. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్లను తీసుకున్నారు. 73 మందికి అసలు గోలీలు, 70 మందికి మందు లేని ఉత్త గోలీలు. ఉత్త గోలీలు మింగినవాళ్లలో 27 మందికి తీవ్రమైన ప్రమాదాలు వచ్చాయి. మందు వాడినవాళ్లలో ఇద్దరికే. ఇంత తేడా కనిపించిన ప్రయోగాలు వైద్యంలో అరుదు. రిసర్పిన్ ఇప్పుడు దాదాపు వాడుకలో లేదు. అంతకంటే సుఖమైన మందులు, రోజుకొక్క గోలీతో సరిపోయేవి, బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తున్నారు. రూజ్‌వెల్ట్‌కు దొరకనిది మాణికేశ్వరి నగర్‌లో ఇస్త్రీ చేసుకునే ఆవిడకు దొరుకుతోంది. దొరికిందాన్ని వాడుకుంటున్నామా అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఇక నరం పగిలిన గంట సంగతి. సీటీ స్కాన్ తీస్తే కొత్తగా కారిన నెత్తురు తెల్లగా కనిపిస్తుంది. మెదడు బూడిదరంగు, దాని మధ్య తెల్లటి మచ్చ. డాక్టర్లు స్క్రీన్ మీదే ఆ మచ్చ పొడవు, వెడల్పు కొలుస్తారు, ఎన్ని పొరల్లో కనిపిస్తోందో చూసి ఎత్తు లెక్కిస్తారు. మూడూ గుణించి సగం చేస్తే మిల్లీలీటర్లు వస్తాయి. 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాల నెత్తురు, ఒక పెద్ద గీత. అది దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. నెత్తురు మెదడు లోపలి నీటి గదుల్లోకి దిగిందా, రోగికి స్పృహ ఎంత ఉంది, వయసు 80 దాటిందా, కారింది మెదడు కింది భాగంలోనా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

చాలాకాలం వైద్యులు కూడా నరం పగలడం, నెత్తురు కారడం, ఆగిపోవడం అంతా ఒక్క క్షణంలో ముగుస్తుందనుకున్నారు. 1997లో అమెరికాలో థామస్ బ్రాట్ బృందం 103 మందికి స్కాన్ మీద స్కాన్ తీసి చూసింది. మొదటి స్కాన్ తీసిన గంటకే మళ్లీ తీస్తే నలుగురిలో ఒకరికి నెత్తురుగడ్డ మూడో వంతుకు మించి పెరిగి ఉంది. ఇరవై గంటలలోపు మరికొందరికి పెరిగింది. అంటే మాట్లాడుతూ ఆస్పత్రికి వచ్చిన మనిషి సాయంత్రానికి మాట పడిపోవడం విధి కాదు. లోపల నెత్తురు కారుతూనే ఉంది. ఆ కారే వేగాన్ని పోటు నడిపిస్తోంది. పైగా నరం పగిలిందన్న దెబ్బకే శరీరం బీపీని ఇంకా పెంచుతుంది. పగిలినవాళ్లలో ఎక్కువమందికి ఆస్పత్రిలో అడుగుపెట్టేసరికి 180, 200, 220 ఉంటుంది.

మరి వెంటనే దించేస్తే? ఇక్కడ వైద్యలోకం ఇరవై ఏళ్లు వాదించుకుంది. గడ్డ చుట్టూ ఉన్న మెదడుకు నెత్తురు అందక అదీ చచ్చిపోతుందేమోనని ఒక పక్షం భయపడింది. ఆస్ట్రేలియాలో పనిచేసే క్రెయిగ్ ఆండర్సన్ నడిపించిన పెద్ద పరిశోధన 2013లో వచ్చింది, 2839 మంది రోగులతో. సగం మందికి గంటలోపు పై అంకెను 140 కిందికి తెచ్చారు. మిగతా సగానికి అప్పటి ఆనవాయితీ ప్రకారం 180 దాటకుండా చూశారు. త్వరగా తగ్గించడం వల్ల భయపడిన ముప్పు రాలేదు. కోలుకున్న తీరు కాస్త మెరుగైంది. కానీ చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదు, ముందుగా పెట్టుకున్న ప్రధాన లెక్కలో లాభం, రుజువైందనుకునే గీతకు ఇవతలే ఆగిపోయింది. 2016లో అద్నాన్ ఖురేషీ బృందం 1000 మందితో మరో ప్రయోగం చేసింది, ఇంకా కిందికి, 110 నుంచి 139 మధ్యకు తెచ్చి చూసింది. లాభమేమీ కనిపించలేదు. పైగా కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువైంది. అంతటితో తగ్గించాలి, త్వరగా తగ్గించాలి, అతిగా తగ్గించకూడదు అన్న ఒప్పందం కుదిరింది. ఇప్పుడు 150 నుంచి 220 మధ్య పోటుతో వచ్చిన మామూలు రోగికి లక్ష్యం 140 దగ్గర. 130 కిందికి పోనివ్వరు. ఒకసారి 210, ఒకసారి 120, మళ్లీ 190 అని ఎగుడుదిగుడుగా ఊగనివ్వరు. అందుకే అది గోలీతో చేసే పని కాదు. రక్తనాళంలోకి సూదిమందు చుక్కచుక్కగా ఎక్కిస్తూ, నిమిషాల లెక్కన పోటు చూస్తూ చెయ్యాల్సిన పని. ఐసీయూలో ఎందుకు పెట్టారు, వట్టి బీపీకేనా అని గొణిగే బంధువులకు జవాబు ఇదే.

2023లో లాన్సెట్‌లో వచ్చిన మూడో ప్రయోగం మనకు మరీ దగ్గరిది. అందులో భారతదేశం కూడా ఉంది. మొత్తం పది దేశాలు, తొమ్మిది మనలాంటి నడిమితరగతి, పేద దేశాలే, 7 వేలకు పైగా రోగులు. కొత్త మందేదీ కనిపెట్టలేదు. నాలుగు పాత పనులను కట్టగట్టి, గంటల లెక్క పెట్టి చేశారు. బీపీని గంటలో 140 కిందికి తేవడం, షుగరును అదుపులో ఉంచడం, జ్వరం రాకుండా చూడడం, నెత్తురు పలచబడే మందు వాడుతున్న వాళ్లయితే దానికి విరుగుడు ఇవ్వడం. అలా చేసిన చోట చావులూ తగ్గాయి, మంచానపడ్డవాళ్లూ తగ్గారు. పెద్ద ఆపరేషన్లకంటే నర్సు గారి చార్టుకే ఎక్కువ మంది ప్రాణాలు నిలబడతాయని నేను నమ్మేది ఇలాంటి ఫలితాలు చూసే. ఆపరేషన్ అక్కర్లేదని కాదు. చిన్నమెదడులో పెద్ద గడ్డ కడితే అది ప్రాణం నిలిపే పని. కానీ లోతుల్లో కారిన నెత్తురును పుర్రె తెరిచి తీస్తే అందరికీ మేలు జరగలేదని 2005లోనే వెయ్యి మందికి పైగా రోగులతో తేలింది.

ఇప్పుడు ఇంటి దగ్గరి సంగతికి వస్తాను, ఈ ప్రసంగంలో మీకు బాగా గుర్తుండాల్సింది ఇదే. తార్నాకలో ఏ అపార్ట్‌మెంట్‌లోనో పొద్దున్నే బాత్రూమ్ దగ్గర మనిషి పడిపోయాడనుకోండి. మూతి వంకరపోయింది, ఎడమ చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. వాంతి అయింది. ఇంట్లో బీపీ మిషను ఉంది, కొడుకు చూశాడు, 210. మందుల డబ్బాలో బీపీ గోలీలున్నాయి. రెండు వేసేద్దామా? పక్కింటాయన "నాలుక కింద పెట్టండి" అంటాడు. ఒకప్పుడు డాక్టర్లే నిఫెడిపిన్ గొట్టానికి సూదితో పొడిచి నాలుక కింద పిండించేవారు. అది ప్రమాదమని 1996 నాటికే వైద్యపత్రికలు గట్టిగా హెచ్చరించినా ఆ అలవాటు ఊళ్లలో ఇంకా మిగిలే ఉంది.

గోలీ వెయ్యొద్దు. ఎందుకో చైనాలో అంబులెన్సుల్లో చేసిన ఒక ప్రయోగం చెబుతుంది, 2024లో వచ్చింది. పక్షవాతం లక్షణాలు మొదలైన రెండు గంటల్లోపు, ఇంకా స్కాన్ తియ్యకముందే, అంబులెన్సులోనే బీపీ తగ్గించే సూది ఇచ్చి చూశారు. మొత్తం 2404 మంది. తర్వాత స్కాన్ తీస్తే దాదాపు సగం మందికి నరం పగిలింది, సగం మందికి మూసుకుపోయింది. పగిలినవాళ్లకు ఆ సూది మేలు చేసింది. మూసుకుపోయినవాళ్లకు కీడు చేసింది. కూడితే సున్నా. ఇద్దరూ చూడ్డానికి ఒకేలా ఉంటారు, అదే మూతి, అదే చెయ్యి. తలనొప్పి, వాంతి, మత్తు ఉంటే పగిలిందేమోనని అనుమానించవచ్చు, అంతవరకే. అనుభవమున్న డాక్టరు కూడా స్కాన్ చూడకుండా తేల్చలేడు. కాలనీలో ఎవరికీ ఇంట్లో సీటీ మిషను ఉండదు కదా.

మరేం చెయ్యాలి? 108కి ఫోన్ చెయ్యాలి. 2005 నుంచీ ఉన్న నంబరు, అయినా ఆ క్షణంలో చాలామంది ముందు బావమరిదికి చేస్తారు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కాస్త ఎత్తులో. నోట్లో నీళ్లు, పాలు, సోడా ఏదీ పొయ్యకూడదు. మింగే శక్తి పోయి ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నాడో ఆ టైము కాగితం మీద రాసుకోవాలి. మూసుకుపోయిన నరమైతే గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటల గడువు ఆ టైము నుంచే లెక్కపెడతారు. ఆయన వాడే గోలీల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి. గుండె కవాటం మార్చిన వాళ్లు ఎసిట్రోమ్ లాంటి గోలీ వాడుతుంటే ఆ ఒక్క స్ట్రిప్పు చూపించడంతో వైద్యమే మారిపోతుంది. ఇక సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి. దగ్గరుందని చిన్న నర్సింగ్‌హోమ్‌కు వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకో చోటికి, అక్కణ్ణుంచి మరో చోటికి తిరిగేసరికి నేను చెప్పిన ఆ మొదటి గంటలు దారిలోనే కరిగిపోతాయి. మీకు దగ్గర్లో రాత్రీ పగలూ స్కాన్ తీసేది ఎక్కడో ఇవాళే, అందరూ బాగున్నప్పుడే కనుక్కోండి.

పసరు మందుకు, పావురం నెత్తురుతో మర్దనకు తీసుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. కొన్నిసార్లు మనిషి కోలుకుంటాడు కూడా. మెదడు తనంతట తాను కొంత కోలుకుంటుంది, పేరు పావురానికి పోతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

తార్నాకలో కూర్చుని రక్తపోటు గురించి మాట్లాడుతూ ఎదురుగా ఉన్న జాతీయ పోషకాహార సంస్థను తలచుకోకపోతే లోటు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న విభాగమే అది. 1958లో హైదరాబాదుకు తరలి ఉస్మానియా పక్కన స్థిరపడింది. ఉస్మానియా పుట్టిందీ 1918లోనే. ఈ సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లలో ఆ ఆహారం అప్పటికి లేదు. పదిహేనేళ్లు గడిచాక ఆ పిల్లలు పెద్దపిల్లలయ్యారు. వెతికి పట్టుకుని, వెయ్యిమందికి పైగా పిల్లలను పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి. బీపీ అంకెలో మాత్రం అప్పటికి తేడా రాలేదు. ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అరవై ఏళ్ల వయసులో పగలబోయే నరం గోడకు తల్లి కడుపులోనే పునాది పడుతుందన్న మాటకు ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లు సాక్ష్యం చెప్పాయి.

ఈ సంస్థ పాలుపంచుకున్న ఇంకో పరిశోధన కూడా మన బస్తీలకు తగినట్టుంటుంది. పల్లె నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి పట్నం వచ్చినవాళ్లనూ, పల్లెలోనే ఉండిపోయిన వాళ్ల సొంత అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూశారు. నాలుగు నగరాల్లో హైదరాబాదు ఒకటి. పట్నం వచ్చిన పదేళ్లలోపే ఒంట్లో కొవ్వు పెరిగింది. పోటు దాని వెనకాలే మెల్లగా, ఏళ్లమీద పెరిగింది. నల్గొండ నుంచో జనగామ నుంచో వచ్చి తార్నాకలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఎవరినైనా అడగండి, ఊళ్లో ఉన్న తమ్ముడి బీపీ ఎంతో.

పల్లెలు సురక్షితమనీ అనలేం. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను లెక్కించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెపోటుకూ పక్షవాతానికీ దాదాపు సమాన వాటా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 31 శాతానికి, ఆడవాళ్లలో 26 శాతానికి రక్తపోటు ఎక్కువ. దేశం సగటుకంటే రెండూ ఎక్కువే.

ఉప్పు దగ్గరికి రాక తప్పదు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, దాటొద్దని పోషకాహార సంస్థ చెబుతోంది. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి కొలిస్తే ఆంధ్ర ప్రాంతంలో మనిషి తినేది 9 గ్రాములకు పైనే ఉంది. అన్నంలో పైన వేసుకునే ఉప్పు మానేశానండీ అంటారు చాలామంది. తొక్కు మానలేదు. చల్లమిరపకాయలు మానలేదు. అప్పడం, ఎండుచేప, బేకరీ పఫ్ మానలేదు. ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్ తింటే మొదట తీపి, వెనకాల ఉప్పు తగులుతుంది, దాని రుచంతా ఆ వెనకాల తగిలే దాంట్లోనే ఉంది. ఆ బిస్కెట్ మీద నాకు కోపం లేదు, నేనూ తింటాను. లెక్కలో వేసుకోమంటున్నాను, అంతే. చైనా పల్లెల్లో మామూలు ఉప్పుకు బదులు నాలుగో వంతు పొటాషియం కలిపిన ఉప్పు వాడించి చూశారు. 600 గ్రామాలు, దాదాపు 21 వేల మంది. పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. ఆ ఉప్పు ఇక్కడా దొరుకుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ గోలీలు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా దాని జోలికి పోకూడదు.

చివరగా, బతికి ఇంటికొచ్చినవాళ్ల సంగతి. ఇల్లు చేరాక ఫిజియోథెరపీ మొదలవుతుంది, చెయ్యి కొంచెం కదులుతుంది, అందరి కళ్లూ ఆ చెయ్యిమీదే ఉంటాయి. మూడో నెలకు బీపీ 126 బై 78 వస్తుంది. "నార్మల్ అయింది కదా, ఇంక గోలీ ఎందుకు, కిడ్నీలు చెడిపోతాయంట" అని ఎవరో అంటారు. ఆ 126 గోలీ వల్ల వచ్చిన 126. గోలీ ఆపితే కొన్ని రోజుల్లోనే 170. ఇలా ఆపిన మనిషి రెండోసారి ఆస్పత్రికి రావడం నేను చాలాసార్లు చూశాను, రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారి ఉన్నంత బలం ఆ మెదడుకు ఉండదు. కిడ్నీలను పాడుచేసేది గోలీ కాదు, అదుపులేని పోటు. ఒకసారి పక్షవాతం వచ్చిన 6105 మందితో పెరిండోప్రిల్ ఆధారంగా మందులను పరీక్షించిన ప్రయోగం 2001లో వచ్చింది. పై అంకె సగటున 9 మాత్రమే తగ్గింది. తలలో నెత్తురు కారడం మాత్రం సగానికి సగం తగ్గింది. తొమ్మిది అంకెలకు అంత ఫలితం.

లక్ష్యం సాధారణంగా 130 బై 80 లోపు. వారానికి రెండుసార్లు, పొద్దున్న గోలీ వేసుకోకముందు, ఇందాక చెప్పిన పద్ధతిలో చూసి చిన్న నోటుబుక్కులో తేదీ వేసి రాయాలి. 2017 చివర్లో అయిదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ పథకంలో తెలంగాణ కూడా ఒకటి. పేరు నమోదు చేసుకుంటే చూపించుకోవడం, మందులు రెండూ ప్రభుత్వ దవాఖానాలోనే. లైను పొడవుగా ఉంటుందన్న మాట నిజమే.

ఇంకొక్క జాగ్రత్త. పక్షవాతం వచ్చినవాళ్లకు ఆస్పిరిన్ ఇస్తారని ఊరందరికీ తెలుసు. అది నరం మూసుకుపోయిన వాళ్లకు. పగిలినవాళ్లకు ఎప్పుడు ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది వైద్యుడు మనిషిని చూసి తేల్చాల్సిన విషయం. ఎదురింటివాళ్ల చీటీ చూసి తెచ్చుకోవలసింది కాదు. అందుకని డిశ్చార్జి కాగితం చేతికి ఇచ్చినప్పుడు బిల్లు చూసే ముందు ఒక ప్రశ్న అడగండి. పగిలిందా, మూసుకుపోయిందా? జవాబును ఆ కాగితం పైభాగాన తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఏడాది తర్వాత పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, కంటి ఆపరేషన్‌కు వెళ్లినా, ఆ కాగితమే ముందు చూపించాలి.